వ్యాయామము భిక్ష కాదు

గోదావరిఖనిలో తెల్లవాఱుచుండగా వీధులలో రెండు వరుసలు సాగును. ఒకటి మొదటి షిఫ్టునకు పోవు గనికార్మికులది. రెండవది పుస్తకముల సంచి మోయుచు కళాశాలకు పోవు వారి బిడ్డలది. గనిలో దిగినవాడు ఎనిమిది గంటల పని ముగించి పైకి వచ్చును. కళాశాల గదిలో కూర్చున్న బిడ్డ ప్రొద్దుగ్రుంకి స్టడీ అవరు ముగియువఱకు వెలుతురు చూడడు. ఈ రెండింటిలో ఏది పాతాళమో పాఠకులే చెప్పవలయును.

ఈ విద్యార్థులమీద ఇంత బరువు ఏల పడినది? సింగరేణి సంస్థలో 1990 దశకారంభమున లక్షకు మించియుండిన ఉద్యోగులు నేడు దాదాపు 40 వేలకు తగ్గిరి. భూగర్భగనులు మూతపడుచున్నవి, ఓపెన్‌కాస్టులలో యంత్రములదే పని. తండ్రి కొలువు కొడుకునకు దక్కునను ధైర్యము సన్నగిల్లెను. ఇంటివారి ఆశ యంతయు మార్కులమీదను ర్యాంకులమీదను నిలిచినది. 2019 ఏప్రిలులో ఇంటర్మీడియటు ఫలితములు వెలువడిన పిమ్మట రాష్ట్రమున ఇరువదిమందికి పైగా విద్యార్థులను కోల్పోయితిమి. ఆ దుఃఖమును మఱచుట మనకు తగునా?

చింత మనస్సునందు పుట్టినను దానిని మోయునది దేహమే. వేగముగ నడచినను, కబడ్డీ యాడినను, రక్తము చుఱుకుగ ప్రసరించును. బిగిసిన కండరములు సడలును. రాత్రి నిద్ర గాఢమగును. నిద్రలేనివాని చింత రెట్టింపగుట ప్రతి యింటికిని అనుభవమే. 1999లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమువారు మనోవ్యాకులతగల 156 మందిని పరీక్షించిరి. నాలుగు మాసములు గడచుసరికి వ్యాయామము చేసినవారికిని మందు పుచ్చుకొనినవారికిని ఇంచుమించు సమానముగ మేలు కలిగెను. వారందఱును 50 ఏండ్లు దాటినవారే. కాని యువకుల దేహధర్మము వేఱు కాదు. 5 మొదలు 17 ఏండ్లవఱకు గలవారికి దినమునకు సగటున 60 నిమిషముల శరీరశ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో ప్రకటించినది. మన కళాశాలలలో ఆ 60 నిమిషములు ఎక్కడ?

"సమయము లేదు" అని యాజమాన్యములందురు. పండ్రెండు గంటలు బిడ్డలను కూర్చుండబెట్టువారికి ఒక్క గంట దొరకలేదట! గుర్తింపు కోరునపుడు క్రీడాస్థలపు పత్రములు చూపుదురు; గుర్తింపు వచ్చిన తరువాత ఆ స్థలము కాగితము విడిచి నేలమీదికి రాదు.

తండ్రుల మాట వేఱు. "మేము పడిన కష్టము చాలదా? బిడ్డ ఒడలు నలుగవలెనా?" అని వారు నొచ్చుకొందురు. అన్నలారా, మీ వేదన మాకు తెలియనిది కాదు. కాని పరుల యాజ్ఞచే ఒడలు వంచుట చాకిరి. తన యిచ్ఛచే దానిని కదలించుట స్వేచ్ఛ. చాకిరిని తప్పింపబోయి స్వేచ్ఛను తీసివేయకుడు.

న్యాయస్థానమును ఈ పక్షముననే యున్నది. విశాఖపట్నమున నీట్‌కు చదువుచుండిన విద్యార్థిని మరణమునకు సంబంధించిన కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమునకెల్ల వర్తించు మార్గదర్శకములు విధించెను. నూర్గురు విద్యార్థులున్న ప్రతి సంస్థయు కౌన్సెలరునైనను, ఆ విద్య నేర్చిన మఱొకరినైనను నియమింపవలెను. క్రీడలకును కళలకును ప్రాధాన్య మొసగవలెను. కాబట్టి మేమడుగునది దయ కాదు, శాసనపాలన.

ప్రతి కళాశాలయు పాఠములు లేని ఒక గంటను నిత్యపట్టికలో వ్రాయవలయును. మా ఎండలు ఎఱిగినవారు దానిని ఉదయముననే ఉంచుదురు. సింగరేణి వాటాలలో 51 పాళ్లు రాష్ట్రమువి, 49 పాళ్లు కేంద్రమువి. అనగా అది ప్రజల సొత్తు. గోదావరిఖనిలోని జవహర్‌లాల్ నెహ్రూ క్రీడాప్రాంగణమును, కాలనీల మైదానములను కళాశాలలకు వంతులచొప్పున కేటాయింపవలయును. బాలికలకు ప్రత్యేకవేళ నియమింపనిచో సగము విద్యార్థిలోకము గోడ వెలుపలనే నిలిచిపోవును.

ఒక హెచ్చరిక. కౌన్సెలరు జీతము మిగుల్చుకొనుటకు "పరుగెత్తుము, బాగుపడుదువు" అను యాజమాన్యములను నమ్మరాదు. తీవ్రముగ కుంగినవారికి వైద్యుడే శరణ్యము; టెలి మానస్ 14416 రేయింబవళ్లు ఉచితముగ పలుకును. వ్యాయామము వైద్యమునకు తోడేగాని బదులు కాదు.

నేలక్రింది బొగ్గును పైకి తెచ్చుటకు ఎన్ని యంత్రములైనను కొనుచున్నాము. నాలుగు గోడలలో మసకబాఱుచున్న బిడ్డలను వెలుగులోనికి తెచ్చుటకు ఒక్క గంట చాలును. ఆ గంటను ఈ విద్యాసంవత్సరమే సాధింతముగాక!