వ్యాధినిరోధక శక్తిని అణచే మందులు: వైద్యుని బాధ్యత, గృహస్థుల జాగ్రత్త

రెండు సంవత్సరాల క్రిందట ఒక ఉదయం ఒక తల్లి తన కుమారుని వెంటబెట్టుకొని మా వైద్యశాలకు వచ్చినది. కుమారునికి ముప్పది రెండేళ్ళు, ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు. మూత్రపిండాలు రెండూ చెడిపోగా, తల్లి తన మూత్రపిండం ఒకటి ఇచ్చి అతనిని బ్రతికించుకున్నది. శస్త్రచికిత్స జరిగి అప్పటికి పదునాలుగు మాసాలు. మూత్రపిండం చక్కగా పనిచేస్తున్నది. అయితే ఆసుపత్రివారు వ్రాసిన టాక్రోలిమస్ అనే మందు వలన అతని చేతులు వణుకుతున్నవి. నల్లబల్లపై వ్రాస్తుంటే సుద్దముక్క నిలువడం లేదట. పిల్లలు నవ్వుతున్నారట. కొత్తగా మధుమేహం కూడా కనబడినది.

"అయ్యా, ఒంట్లో శక్తిని చంపే మందు ఇంకెన్నాళ్ళు మింగిస్తారు? అది మాన్పించి, తిప్పతీగతోనో అశ్వగంధతోనో వీడికి బలం వచ్చే లేహ్యం ఏదైనా చేసి ఇవ్వండి" అని ఆ తల్లి అడిగినది. ఇరుగుపొరుగువారి సలహాపై అప్పటికే మూడు రోజులుగా ఇంట్లో తిప్పతీగ కషాయం కాచి పోస్తున్నారు.

నేను లేహ్యం ఇవ్వలేదు. కషాయం ఆపించి, మాత్ర ఒక్క పూట కూడా మానరాదని చెప్పి, ఆ మధ్యాహ్నమే మూత్రపిండ వైద్యుని వద్దకు పంపాను. ఆ తల్లి మొగం చిన్నబుచ్చుకొని లేచినది. "ఇన్నేళ్ళుగా ఆయుర్వేదం చేస్తున్న మీరే ఇట్లా అంటే మేమెవరి దగ్గరకు పోవాలి?" అని గుమ్మం దగ్గర ఆగి అన్నది. అప్పుడు నిదానంగా సమాధానం చెప్పే వ్యవధి లేకపోయినది. ఇప్పుడు చెబుతున్నాను.

శరీరం రోగాన్ని ఎదిరించి నిలిచే శక్తిని మన శాస్త్రం వ్యాధిక్షమత్వం అన్నది. పరాయి దానిని పసిగట్టి తరిమివేయడం ఆ శక్తి స్వభావం. దాని దృష్టిలో కన్నతల్లి మూత్రపిండమైనా పరాయిదే. దొంగ వచ్చినప్పుడు కుక్కను విప్పి వదలుతాము, చుట్టం వచ్చినప్పుడు కట్టివేస్తాము. చుట్టం ఇంట్లో నిద్రిస్తుండగా కుక్కకు బలమైన తిండి పెట్టి గొలుసు విప్పినవానిని ఏమనవలెను? మార్పిడి జరిగిన మనిషికి "ఇమ్యూనిటీ" కషాయాలు పోయడం ఆ పనివంటిదే.

ఆ తల్లి ఫిర్యాదులో అసత్యం లేదు. ఆ మందులు బాధ పెట్టే మాట నిజమే. 1969లో నార్వే దేశంలోని హార్డాంగర్‌విడ్డ అనే పీఠభూమి నుండి తెచ్చిన మట్టిలో ఒక బూజు దొరికినది. స్విట్జర్లాండులోని సాండోజ్ కంపెనీ పరిశోధనశాలలో దాని నుండి సైక్లోస్పోరిన్‌ను తీసినారు. అది ప్రతిరక్షణను అణచునని 1972లో జాన్ ఫ్రాన్స్వా బోరెల్ బృందం గమనించినది. 1978లో కేంబ్రిడ్జిలో రాయ్ కాన్ అనే శస్త్రవైద్యుడు రోగులకు వాడినాడు. 1983లో అమెరికా అనుమతించినది. అవయవ మార్పిడి చరిత్రయే మారిపోయినది. కాని మూత్రపిండాన్ని కాపాడవలసిన ఆ మందు మూత్రపిండాన్నే నెమ్మదిగా దెబ్బతీయసాగినది! 1984లో జపాను దేశపు త్సుకుబా ప్రాంతపు మట్టి నుండి లభించిన టాక్రోలిమస్ మరింత శక్తివంతమైనది గాని, దానికీ అదే దోషం ఉన్నది.

ఈ దోషం ఎక్కడ నుండి వచ్చినది? మా గురుకులంలో వత్సనాభిని శుద్ధి చేయడం నేర్చుకొన్న రోజులు జ్ఞాపకం వస్తున్నవి. దుంపలను ముక్కలు చేసి గోమూత్రంలో నానవేసి, దినదినం గోమూత్రం మార్చి, ఎండబెట్టి, ఆపైన దోలాయంత్రంలో ఆవుపాలతో ఉడికించేవారము. నేనొకనాడు గోమూత్రం మార్చడం మరచిపోతే, గురువుగారు ఒక్క మాట అనకుండా గొయ్యి త్రవ్వించి ఆ దినుసునంతా నా చేతనే పూడ్పించినారు. ఆ శోధనలో అకోనిటిన్ అనే తీవ్ర విషం విరిగి అంతగా హాని చేయని పదార్థాలుగా మారుతున్నదని నేటి రసాయనశాస్త్రం చూపినది. అక్కడ ప్రాణం తీసే అణువు వేరుగా దొరుకుతుంది గనుక దానిని విరిచివేయవచ్చును.

సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్‌ల సంగతి అట్లా కాదు. అవి రక్షక కణాలలోని కాల్సిన్యూరిన్ అనే ఎంజైమును ఆపుతవి. అదే ఎంజైము నరాలలోను, మూత్రపిండంలోను, ఇన్సులిన్ పుట్టే క్లోమంలోను పని చేస్తున్నది. ఆ ఉపాధ్యాయుని చేయి వణకడం, చక్కెర పెరగడం మందులో కలిసిన మలినం వలన కాదు, మందు గుణం వలననే. గుణమే దోషమైనప్పుడు ఎన్ని పుటాలు పెట్టినా, ఎంత కడిగినా శుద్ధి కాదు. అణువునే మార్చవలెను, లేదా మరొక దారి వెదకవలెను.

మరొక దారి వెదకినవారిలో క్యోటో విశ్వవిద్యాలయపు తెత్సురో ఫుజిత ఒకరు. సైక్లోస్పోరిన్ నిచ్చిన బూజు పురుగులపై పెరిగే శిలీంధ్రాలకు చుట్టమని గ్రహించి, ఆయన ఆ జాతులను పరీక్షించినాడు. సికాడా అనే కీచురాయి పురుగు డింభకంపై పెరిగే ఇసారియా సింక్లైరీ అనే శిలీంధ్రం వాటిలో ఒకటి. చైనా సంప్రదాయ వైద్యంలో దానికి యౌవనాన్ని నిలిపే మందుగా పేరున్నది. మన భాషలో చెప్పాలంటే అది వారి రసాయన ద్రవ్యం. దానిలో దొరికిన మైరియోసిన్ అనే పదార్థం సైక్లోస్పోరిన్ కన్నా ఎన్నో రెట్లు గట్టిగా వ్యాధినిరోధక శక్తిని అణచివేసినది!

ఈ ఒక్క విషయం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయుస్సును, బలాన్ని పెంచునని తరతరాలు నమ్మిన ద్రవ్యంలో బలాన్ని అణచే అణువు ఉన్నది. పేరును బట్టి, ప్రతిష్ఠను బట్టి ఒక మూలిక ఏ రోగిలో ఏమి చేయునో చెప్పగలమని ఎంత ధీమాగా అంటున్నాము!

మైరియోసిన్ అట్లాగే ఇవ్వడానికి పనికిరాలేదు. జంతువులలో విషలక్షణాలు కనబడినవి. ఫుజిత బృందం ఆ అణువులో అక్కరలేని కొమ్మలను ఒక్కటొక్కటిగా నరికి, నిర్మాణాన్ని సులభం చేసి, మధ్యలో ఒక బెంజీన్ వలయాన్ని కూర్చి, 1990ల తొలి సంవత్సరాలలో ఫింగోలిమోడ్ అనే కొత్త అణువును తయారుచేసినది. చిత్రమేమనగా, కొమ్మలు నరికిన తర్వాత అది తల్లి అణువు నడిచిన త్రోవలో నడవలేదు. రక్షక కణాలను చంపక, శోషరస గ్రంథులలోనే నిలిపి ఉంచుతుంది. ఈ రహస్యం 2002లో గాని తెలియలేదు.

మూత్రపిండ మార్పిడిలో అది పాత మందులను మించలేదు. అందుచేత మన ఉపాధ్యాయునికి నేటికీ టాక్రోలిమసే దిక్కు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నాడీవ్యాధికి మాత్రం ఫింగోలిమోడ్‌కు 2010లో అమెరికా అనుమతి లభించినది. అయితే మొదటి మోతాదు వేసుకున్నప్పుడు గుండె వేగం తగ్గుతుంది గనుక ఆరు గంటలు రోగిని కనిపెట్టి ఉండవలెను. ఆ మందు పట్టుకొనే గ్రాహకాలు నాలుగు రకాలు ఉండగా, వాటిలో రెండింటినే ప్రధానంగా ఎంచుకొనే సిపోనిమోడ్ 2019లో వచ్చినది. సైక్లోస్పోరిన్ అణువులోనే ఒక కొనకు ఒక్క కర్బన పరమాణువును చేర్చి చేసిన వోక్లోస్పోరిన్‌ను లూపస్ వలన మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి 2021లో అనుమతించినారు. దానితో కూడా అంటువ్యాధుల భయం పోలేదు, మూత్రపిండాల పరీక్ష తప్పలేదు. అరవై ఏళ్ళకు దగ్గరగా సాగుతున్న ఈ శ్రమలో దోషం అణువణువుగా తరుగుతున్నది. ఈ పనిని "విషాల వ్యాపారం" అని వేదికలపై ఎగతాళి చేసే మన వైద్యులను చూచినప్పుడు నాకు సిగ్గు కలుగుతుంది.

పైగా ఈ విద్య మనకు పరాయిది కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్ళక ముందు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పినవారు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన పరిశోధనల నుండి వచ్చినదే మెథోట్రెక్సేట్. నేడు కీళ్ళవాతానికి దానిని వారానికి ఒక్కసారి, స్వల్ప మోతాదులో ఇస్తారు. గృహిణులు ఈ మాట గుర్తుంచుకోవాలి: వారానికి ఒకసారి వేయవలసిన ఆ మాత్రను పొరపాటున ప్రతిదినం వేస్తే ప్రాణం పోవచ్చును. పెద్దవారి మాత్రల డబ్బాపై వారం పేరు వ్రాసి పెట్టండి.

మూలికలతో కలిగే ప్రమాదం ఊహ కాదు. సెయింట్ జాన్స్ వర్ట్ అనేది దిగులు తగ్గడానికి ఐరోపావారు వాడే మొక్క. గుండె మార్పిడి జరిగిన ఇద్దరు రోగులు జ్యూరిచ్‌లో దానిని వాడగా, కాలేయం మందును త్వరగా విరిచివేసి, రక్తంలో సైక్లోస్పోరిన్ తగ్గి, శరీరం కొత్త గుండెను తిరస్కరించబోయినది. 2000 సంవత్సరంలో లాన్సెట్ పత్రిక దీనిని ప్రచురించినది. పంపరపనసకు చుట్టమైన గ్రేప్‌ఫ్రూట్ దీనికి విరుద్ధంగా మందును రక్తంలో పెంచివేస్తుంది. ఇక మన తిప్పతీగ. 2020లో కరోనా భయంతో ఇంటింటా కాచి త్రాగినారు. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నదని, స్వయంప్రతిరక్షక లక్షణాలు కనబడినవని ప్రకటించగా, ఆయుష్ మంత్రిత్వశాఖ ఆ నిర్ధారణను అంగీకరించలేదు. ఆ వివాదం తేలేవరకు నేను మార్పిడి జరిగినవారికి గాని, లూపస్, కీళ్ళవాతం వంటి వ్యాధులకు అణచే మందులు వాడుతున్నవారికి గాని తిప్పతీగ ఇవ్వను. ఇది నా నిర్ణయం. దీనిని తప్పుపట్టే సోదర వైద్యులు కలరు.

వారికి నేను చేసే మనవి ఒక్కటే. నాడి పట్టుకొనే ముందు రోగి సంచిలోని మాత్రలన్నీ బల్లపై పెట్టించండి. పేరు తెలియని మందు ఉంటే చూర్ణం కట్టి ఇవ్వకండి.

ఆ ఉపాధ్యాయుడు మూడు మాసాల తర్వాత ఒంటరిగా వచ్చినాడు. తల్లికి నాపై కోపం తీరలేదని నవ్వుతూ చెప్పినాడు. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేసి, మందు అవసరానికి మించి నిలుస్తున్నదని చూచి, మోతాదు తగ్గించినారట. "వణుకు తగ్గినదా నాయనా?" అంటే, నా బల్లపైనున్న కలం తీసుకొని చీటీ వెనుక తన పేరు వ్రాసి చూపినాడు. అక్షరాలు కొంచెం వంకరగానే ఉన్నవి. ఆ చీటీ ముందువైపు అతడు వాడుతున్న మందుల పట్టిక ఉన్నది. నేను అడుగక ముందే వ్రాసుకొని తెచ్చినాడు.