బాడుగ ఇంటి అడ్వాన్సుకు దారి చూపండి

కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి,

మాది పాతబస్తీలో ఒంటి గది బాడుగ ఇల్లు. ఈమధ్యే రెండో బిడ్డ పుట్టింది, ఊరి నుంచి మా అత్త వచ్చింది. ఐదుగురం. రాత్రి ఉయ్యాల కట్టాలంటే పొయ్యి పక్కకు జరపాల.

కల్లూరులో రెండు గదుల ఇల్లు చూసుకున్నాం. బాడుగ 6,000, అడ్వాన్సు ఆరు నెలలది, 36,000. నెలనెలా బాడుగ కట్టుకోగలం సార్, ఒక్కసారిగా అంత ఎక్కడ తెచ్చేది? పాత అడ్వాన్సేమో ఇల్లు ఖాళీ చేశాక, సున్నానికి ఇంత పట్టుకున్నాకే చేతికొస్తుంది. కొత్తింటాయన ముందే పెట్టమంటాడు. ఆ కాస్త సందులోనే ఆడోళ్ల కమ్మలు కుదువకు పోతాయి.

2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసాలకు రెండు నెలల బాడుగకు మించి డిపాజిట్ వద్దంది. ఇల్లు కావాల్సినోళ్లు ఓనరు ముందు ఆ మాట ఎత్తలేరు. మీరు చెబితే వింటారు.

పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా పొదుపు సంఘాల ద్వారా అడ్వాన్సుకని చిన్న అప్పు ఇప్పించండి. వాయిదాల్లో తీర్చేస్తాం. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు చోటు చాలక ప్రభుత్వ ఆఫీసులే గుడారాల్లో నడిచిన ఊరు ఇది. ఇరుకు బాధ మీకు వేరే చెప్పాలా?

జూన్‌లో పెద్దోణ్ణి బడిలో వేయాలి. ఆలోపే ఇల్లు మారాలి సార్.

ఇట్లు,
పాతబస్తీ నుంచి ఒక తల్లి