సముద్రానికని వెళితే వంటిల్లు కనిపించింది

పిల్లల పరీక్షలు అయిపోయాయంటే మన పరీక్షలు మొదలైనట్టే కదండీ! "అమ్మా, ఈసారి ఎక్కడికి?" అని పొద్దున లేచింది మొదలు ఒకటే గోల. మా మదనపల్లెలో చల్లగాలికి కొదవ లేదు, హార్స్‌లీ కొండలు పక్కనే. టమోటాలకసలే కొదవ లేదు. లేనిదల్లా సముద్రమే! అందుకని ఈ వేసవిలో మహాబలిపురం పోదామని తీర్మానించాం. కుప్పం నుంచి మా ఆడబిడ్డ పిల్లలతో రైలెక్కి మద్రాసు చేరేటట్టు, మేము బస్సులో పోయి వాళ్ళని కలిసేటట్టు ఏర్పాటు.

వచ్చిన చిక్కల్లా మా అత్తయ్యతోనే. ఆమెది పుంగనూరు దగ్గర పల్లె. మామయ్య పోయాక మా దగ్గరే ఉంటున్నారు. "సముద్రంలో ఏముండాదమ్మా, ఉప్పునీళ్ళే కదా! మీరు పొయ్యి రాండి. ఇంటికి కాపలాగా నేనుంటా" అన్నారు. ఈమధ్య ఆమెకది అలవాటైపోయింది. టీవీలో ఏం చూస్తారంటే "నాకేం తెలుసు", కూర ఏం చేద్దామంటే "మీ ఇష్టం". ఇంట్లో మిక్సీ, గ్రైండరు, కుక్కరు వచ్చాక తనకిక పనేముందన్నట్టు ఒక మూల కూర్చుంటారు. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి పెద్దవాళ్ళు ఉంటారు కదూ? చివరికి మా అమ్మాయి "అవ్వా, నువ్వు రాకపోతే నేనూ పోను" అని మొండికేస్తే బయల్దేరారు.

ప్రయాణానికి చిత్రాన్నం కాకుండా పులిహోర కలిపాను. చింతపండు పులుపుకి మరునాటిదాకా పాడవదు. వేసవి ప్రయాణాల్లో కొబ్బరి వేసినవి మాత్రం పెట్టుకోకండి, మధ్యాహ్నానికే వాసన వస్తాయి. అత్తయ్య కోసం విడిగా రెండు సంగటి ముద్దలు, ఊరిబిండి కట్టాను.

సముద్రం సంగతి కొత్తగా చెప్పేదేముంది! పిల్లలు ఒళ్ళంతా ఇసుక చేసుకున్నారు. ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను. అక్కడ అలల లాగుడు ఎక్కువ. మోకాలి లోతు దాటనివ్వకండి, పిల్లల చెయ్యి వదలకండి. అత్తయ్య మాత్రం గట్టు మీద చీర కొంగు కప్పుకుని కూర్చుని, చెప్పులకు కాపలా కాశారు.

ఆ సాయంత్రం కృష్ణ మండపం చూశాం. పల్లవుల కాలం నాటి శిల్పం, 1300 ఏళ్ళ కిందటిది. కొండరాతి మీద గోవర్ధనగిరి కథ చెక్కారు. అందులో ఒకాయన ఆవు పాలు పితుకుతుంటే, ఆ ఆవు తన దూడను నాకుతూ ఉంటుంది. అంతవరకూ పలకని అత్తయ్య అక్కడ ఆగిపోయారు. "దూడని ముందర నిలబెట్టి పితుకుతాండాడు చూడు. అట్లయితేనే ఆవు సేపుతుంది. ఈ బొమ్మ చెక్కినోడికి ఆవుల సంగతి బాగా తెలుసు" అన్నారు. పుంగనూరు ఆవుల మధ్య పెరిగిన మనిషి మరి! ఆ పొట్టి ఆవులు ఒకప్పుడు మా వైపు ఊళ్ళల్లో మామూలే. పోనుపోను అరుదైపోతే, పలమనేరు పశు పరిశోధనా కేంద్రంలో ఆ జాతిని కాపాడుకుంటూ వచ్చారు.

మర్నాడు మద్రాసుకు తిరిగొస్తూ ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్రలో దిగాం. మహాబలిపురానికీ మద్రాసుకూ దాదాపు సగం దారిలో, సముద్రం ఒడ్డు రోడ్డు మీదే ఉంటుంది. మ్యూజియం అంటే అద్దాల బీరువాలు, ముట్టుకోవద్దనే బోర్డులు అనుకున్నారు పిల్లలు. ఇది అలాంటిది కాదు. దక్షిణాది రాష్ట్రాల పాతకాలపు ఇళ్ళని ఊళ్ళల్లో విప్పి, ఆ తలుపులూ స్తంభాలూ తెచ్చి, ఆయా పనివాళ్ళ చేతనే ఇక్కడ మళ్ళీ కట్టించారు. అమెరికాలో పుట్టి మద్రాసు కోడలైన డెబోరా త్యాగరాజన్ గారు దీనికి మూలం. 1984లో మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ పెట్టి, 1996లో ఈ చోటుని జనానికి తెరిచారు. ఇళ్ళ అమరికకు మొదట నమూనా వేసింది లారీ బేకర్ గారు. పరాయి దేశంలో పుట్టిన ఆవిడకు పడిపోతున్న మన ఇళ్ళ మీద దిగులు కలిగిందంటే ఆశ్చర్యమే కదూ!

టికెట్ దగ్గర అత్తయ్య పేచీ పెట్టారు. "పాత ఇండ్లు చూసేదానికి దుడ్లు ఇయ్యాల్నా? మా ఊర్లో ఊరికే చూపిస్తా కదా!" మావారు నవ్వి ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించారు.

చెట్టినాడు వ్యాపారి ఇల్లు, కేరళ చెక్క ఇళ్ళు, కర్ణాటకలోని ఇల్‌కల్ నేతగాళ్ళ ఇల్లు అన్నీ చూసి తెలుగువాళ్ళ ఇళ్ళ దగ్గరికి వచ్చాం. ఒకటి విశాఖ తీరం వైపు చుట్టిల్లు. గుండ్రటి మట్టి గోడ, కిందిదాకా వాలిన కప్పు. "ఎందుకవ్వా గుండ్రంగా?" అంది అమ్మాయి. "గాలికి మూల దొరక్కూడదని" అన్నారామె టక్కున. నిజమే! తుఫాను గాలి గుండ్రటి గోడను చుట్టి జారిపోతుంది. ఇంకొకటి నల్గొండ వైపు ఇక్కత్ నేతగాళ్ళ ఇల్లు. ఇక్కత్‌లో బట్ట నేశాక రంగు వెయ్యరండీ. నూలునే లెక్క ప్రకారం అక్కడక్కడా ముడి కట్టి రంగులో ముంచుతారు. ముడి ఉన్నచోట రంగు ఎక్కదు. ఆ నూలు మగ్గం మీద పక్కపక్కన పడితే డిజైను తేలుతుంది. మనం కట్టుకునే పోచంపల్లి చీర వెనకాల ఇంత లెక్క ఉంది.

ఇంతలో ఒక వంటింట్లోంచి అత్తయ్య గొంతు వినబడింది. "ఇదేందిమ్మా, మా ఇసుర్రాయి ఈడుండాది!"

వెళ్ళి చూస్తే తిరగలి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నారు. పిల్లలు నలుగురూ చుట్టూ. మధ్య బొక్కలో ఎన్ని గింజలు పొయ్యాలో, ఎక్కువ పోస్తే పిండి ఎందుకు బరక అవుతుందో, ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి ఎలా తిప్పుతారో చేత్తో చూపించి చెబుతున్నారు. కోడి కూసే వేళకు రాగులు విసరడం మొదలుపెడితే, తెల్లవారేసరికి ఇంటిల్లిపాదికీ సంగటికి పిండి సిద్ధమట. నిద్ర ముంచుకొస్తుందని పాటలు పాడుకునేవాళ్ళట. రెండు చరణాలు సన్నగా పాడారు కూడా. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయినా ఆమె పాడతారని నాకు తెలియదు.

అప్పుడడిగింది మా అమ్మాయి. "మరి మన ఇసుర్రాయి ఏదవ్వా?"

నా గుండె గుభేలుమంది. ఊళ్ళో ఇల్లు ఖాళీ చేసినప్పుడు సర్దింది నేనే. ఇత్తడి బిందెలు, చెంబులు పాత సామాన్లవాడికి వేసి, నాలుగు స్టీలు గిన్నెలు తెచ్చుకున్నాను. ఇసుర్రాయి బరువని, ఎవరు మోస్తారని, పక్కింటివాళ్ళు మెట్టుకి వేసుకుంటామంటే ఇచ్చేశాను. అత్తయ్యను ఒక్కమాట అడగలేదు. ఆమె నన్ను చూసి, వెంటనే పిల్లవైపు తిరిగి, "బరువని ఊర్లోనే పెట్టినాంలేమ్మా" అన్నారు. అంతే. నన్ను పట్టివ్వలేదు. బస్సులో వస్తున్నంతసేపూ ఆ మాటే నా చెవుల్లో ఉంది.

'కళ', 'మ్యూజియం' అంటే మనకు సంబంధం లేదనుకుంటాం. మన పక్కనున్న శ్రీకాళహస్తి కలంకారీనే చూడండి. బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళల్లో నానబెడతారు. పాలల్లోని కొవ్వు వల్ల వేసిన రంగు పక్కకు పాకదు. తుప్పు పట్టిన ఇనుపముక్కలు, బెల్లం రోజుల తరబడి నీళ్ళల్లో ఊరవేస్తే నల్లరంగు వస్తుంది. పాలు, బెల్లం, కరక్కాయ... అన్నీ మన వంటింటి సరుకులే! 1950లలో ఈ పని తెలిసినవాళ్ళు తగ్గిపోతుంటే, కమలాదేవి చట్టోపాధ్యాయ గారి చొరవతో శ్రీకాళహస్తిలో మళ్ళీ శిక్షణ మొదలైంది. ఆ పని చేతులు మారింది కాబట్టి నిలిచింది. మా అత్తయ్య చేతిలో ఉన్న పని మాత్రం ఎవరూ అందుకోకుండా ఆగిపోయింది. అందులో నా పాలు ఉంది.

ఊరికి రాగానే అటక వెతికాను. పోయినవి పోయాయి. మిగిలినవి ఒక చేట, సంగటి తెడ్డు, గింజలు కొలిచే పడి. ఆ పడిలో నేను బట్టల క్లిప్పులు వేసుకుంటున్నాను! కడిగి, తుడిచి హాల్లో పెట్టాం. అమ్మాయి ఒక నోటుబుక్కులో ఒక్కొక్కదాని పేరు, దేనికి వాడతారో అత్తయ్య చెబుతుంటే రాస్తోంది. ఆ పేర్లు కూడా మన వైపు మాటల్లోనే రాయమన్నాను, తిరగలి అని కాదు, ఇసుర్రాయి అనే. ఆదివారం ఆదివారం సంగటి కెలికేది ఇప్పుడు అత్తయ్యే. ఉండ కట్టకుండా తెడ్డు ఎటు తిప్పాలో నాకిప్పుడిప్పుడే పట్టుబడుతోంది. మొన్న "కూర ఏం చేద్దాం అత్తయ్యా?" అంటే "మీ ఇష్టం" అనలేదు. "ఉలవచారు పెట్టు, ఉప్పు నేను చూస్తా" అన్నారు.

మీరూ సముద్రానికి వెళితే ఒక పూట దీనికి కేటాయించండి. దక్షిణచిత్రకు మంగళవారం సెలవు. పొద్దున పది గంటలకే వెళ్ళండి, ఎండ ముదరక ముందే ఇళ్ళన్నీ తిరగొచ్చు. ఎక్కువ నడక కాబట్టి మెత్తటి చెప్పులు, మంచినీళ్ళు మరిచిపోకండి. ఇంకో రోజు ఉంటే 1851లో మొదలైన ఎగ్మూరు మ్యూజియంలో మన అమరావతి శిల్పాలు చూడండి. అక్కడ శుక్రవారం సెలవు. ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ళని కాపలాకి వదిలేసి వెళ్ళకండి. వాళ్ళు లేకపోతే మాకు అక్కడ తిరగలి ఉత్త రాయిలాగే కనిపించేది.

ఇంతకీ మీ అటక మీద ఏమున్నాయి? అమ్మేసే ముందు అత్తగారినో అమ్మనో ఒక్కసారి అడగండి. వాటి పేర్లు, మీ వైపు ఏమంటారో మాకు రాసి పంపండి. మా అమ్మాయి నోటుబుక్కులో ఇంకా చాలా పేజీలు ఖాళీగా ఉన్నాయి.