బొద్దుగా ఉంటే ఎముక గట్టిదేనా?

"మా అమ్మాయి కాస్త ఒళ్లు చేసింది గానీ, ఎముక గట్టిదండీ!" ఏదో ఒక ఫంక్షన్‌లో ఈ మాట మీరూ వినే ఉంటారు. ఎముకలు గుల్లబారేది పుల్లలా ఉన్నవాళ్లకేననీ, లావుగా ఉంటే ఆ బెంగ లేదనీ మన లెక్క. డాక్టర్లు కూడా చాలాకాలం ఇంచుమించు ఇలాగే అనుకున్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. బరువు మోసే ఎముక దిట్టపడుతుంది. మెనోపాజ్ తర్వాత కూడా ఒంట్లోని కొవ్వు కొంచెం ఈస్ట్రోజెన్ తయారుచేస్తుంది.

కానీ మెనోపాజ్ దాటిన మహిళల మీద జరిగిన 'గ్లో' అనే పెద్ద అంతర్జాతీయ అధ్యయనం 2011లో ఇంకో సంగతి చెప్పింది. ఊబకాయం ఉన్నవాళ్లకూ ఎముకలు విరుగుతున్నాయి. చీలమండ, తొడ ఎముక అయితే మిగతావాళ్లకంటే ఎక్కువగానే!

ఎందుకిలా? మటన్ తినేవాళ్లకు మూలుగ తెలుసు కదా, అసలు సంగతి అక్కడుంది. మన ఎముకల మూలుగలో ఒక రకం మూలకణాలుంటాయి. టెన్త్ పాసై, ఏ గ్రూపు తీసుకోవాలో తేల్చుకోని పిల్లల్లాంటివి అవి. ఎముక కట్టే కణం అవ్వాలన్నా, కొవ్వు దాచే కణం అవ్వాలన్నా బయల్దేరేది వీటినుంచే. 'రన్‌ఎక్స్2' అనే జన్యువు చురుగ్గా ఉంటే ఎముక వైపు, 'పీపార్ గామా' చురుగ్గా ఉంటే కొవ్వు వైపు. ఒకటి పైచేయి అయితే రెండోది తగ్గుతుంది. వయసు పెరిగి ఈస్ట్రోజెన్ పడిపోయేకొద్దీ తూకం కొవ్వు వైపే మొగ్గుతుంది. ఆడవాళ్లకు దెబ్బ గట్టిగా తగిలేది అందుకే.

ఇక వారసత్వం. ఎముకల సాంద్రతలో మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో 50 నుంచి 80 శాతం దాకా జన్యువులదేనని కవలల మీద చేసిన అధ్యయనాలు చెబుతున్నాయి. బరువు విషయంలోనూ వాటి వాటా తక్కువేం కాదు. పైగా కొన్ని జన్యువులు రెండింట్లోనూ వేలుపెడతాయి. అలాగని ఆన్‌లైన్‌లో డీఎన్‌ఏ కిట్ ఆర్డర్ పెట్టేయకండి. ఇది ఒక్క జన్యువుతో తేలే వ్యవహారం కాదు, వందల చోట్ల ఉన్న చిన్నచిన్న తేడాల మొత్తం.

మీ చేతిలో ఉన్నదల్లా టైమే. ఎముక దాదాపు 30 ఏళ్ల లోపే తన గరిష్ఠ బలానికి చేరుతుంది. ఆ తర్వాత ఉన్నది కాపాడుకోవడమే. ఈ వయసులో కడుపు మాడ్చుకుని, వ్యాయామం లేకుండా పది కిలోలు తగ్గితే కొవ్వుతోపాటు ఎముకా కరుగుతుంది. జిమ్‌లో బరువులెత్తితే మగరాయుడిలా అయిపోతామన్న భయం ఇంకా ఉందా? వదిలేయండి, ఎముకకు కావాల్సింది ఆ బరువే. రాగిజావ, పెరుగు, నువ్వులు సరే. లావుగా ఉన్నవాళ్లు విటమిన్ డి మీద ఇంకాస్త కన్నేయాలి. అది కొవ్వులో చేరిపోయి రక్తంలో తక్కువగా కనిపిస్తుంది.

ఇంకో పని. 40 దాటినవాళ్లకు ఎముక విరిగే ముప్పు ఎంతో లెక్కగట్టడానికి డాక్టర్లు వాడే 'ఫ్రాక్స్' అనే పద్ధతిలో ఒక ప్రశ్న ఉంటుంది: "మీ అమ్మకో, నాన్నకో తుంటి ఎముక విరిగిందా?" మీ అమ్మ విషయంలో ఆ జవాబు అమ్మమ్మ, తాతయ్యల దగ్గర ఉంటుంది. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు, "తిన్నావా?" అయ్యాక అది కూడా అడిగేయండి.