అచ్చు తోడు లేని హల్లు

మన నిఘంటువులలో వ్యంజనమను మాటకు రెండర్థములు పక్కపక్కనే కానవచ్చును: ఒకటి హల్లు, రెండవది అన్నములోనికి ఆధరువుగా వచ్చు కూర, పచ్చడి మొదలగునవి. అచ్చు తోడు లేనిదే హల్లు పలుకదు. తినెడు వస్తువు తోడు లేనిదే ఆధరువు తన గుణమును చూపదు. నిరుటి వేసవిలో అమెరికాలోని డాలస్ నగరపు శివారున, మా అమ్మాయి ఇంటికి దాపుననున్న మెక్‌డొనాల్డ్స్ భోజనశాలలో, ఆరు సాసు డబ్బీల మూతలు ఒలిచి వరుసగా పెట్టుకొని, పక్కన ఏడేండ్ల మనుమని కూర్చుండబెట్టుకొని, ఏది మేలు, ఏది తక్కువ యని తేల్చుటకు నేను పూనుకొన్నప్పుడు, ఈ రెండర్థముల మాటయే నాకు కొలబద్దగా నిలిచినది.

ఇట్టి సాసులను రుచి చూచి ఒకటి, రెండు, మూడు అని వరుస కట్టుట ఆ దేశమున పత్రికలకును, వీడియోలు తీయువారికిని పరిపాటియైన పని. దానిని పనిలేని పనియని త్రోసిపుచ్చువారితో నేను ఏకీభవింపజాలను. ఒక తరము పిల్లలకు పులుపన నేమో, ఘాటన నేమో, తీపి ఎంతవఱకు తీపియో మొదట నేర్పు గురువు ఆ బొటనవ్రేలంత డబ్బీలో నున్నప్పుడు, దాని మంచిచెడ్డలను విచారించుట పెద్దల కర్తవ్యమే యగును. నా అభ్యంతరమెల్ల వారి పరీక్షావిధానము మీదనే. చెంచా కొనతో ఒక చుక్క నాలుకకు రాచుకొని, నీళ్ళు పుక్కిలించి, తరువాతి డబ్బీకి పోవుదురు. అచ్చును తీసివేసి హల్లును పలుకుమన్నచో ఏమి పలుకును?

ఇక్కడ అచ్చు కోడిమాంసపు నగెట్. మెత్తగా నూరిన మాంసమును చిన్న ముక్కలుగా తీర్చి పొడిపిండి పూసి నిలువ చేయు విద్యకు త్రోవ వేసినవాడు కార్నెల్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు రాబర్ట్ బేకర్. 1960 తరువాతి దశకమున తాను కనుగొన్నదానికి హక్కుపత్రమేదియు తీసికొనక, ఆయన దానిని లోకమునకు ఇచ్చివేసెను. మెక్‌డొనాల్డ్స్ వంటశాలలో లక్సెంబర్గ్ దేశమున పుట్టిన రెనే ఆరెండ్ అను పాకశాస్త్రజ్ఞుడు మెక్‌నగెట్లకు రూపము కల్పింపగా, 1983లో అవి అమెరికా యంతటను అమ్మకమునకు వచ్చినవి. వానితోడనే నాలుగు ఆధరువులు వచ్చినవి: బార్బెక్యూ, స్వీట్ అండ్ సవర్, ఘాటైన ఆవసాసు, తేనె. ముక్కలకు నాలుగు ఆకారములు గలవు: గంట, బంతి, విల్లుముడి, బూటు. వీనిలో బూటు ఆకారపు ముక్కయే అద్దుకొనుటకు మిక్కిలి అనువైనదని అనుభవముచే చెప్పుచున్నాను. దాని మునివ్రేళ్ళ వైపు డబ్బీ మూలకు సరిగా దిగును.

ఆ ముక్క స్వయముగా సాధుస్వభావము కలది. ఉప్పు, మిరియము, టెంపురా పిండిపూత, నూనెలో వేగిన కరకర; అంతకుమించి తనదని చాటుకొను రుచి దానికి లేదు. మన ఇడ్లీ గుణము నూనెలో దిగి బంగారువన్నె తేలినచో ఎట్లుండునో అట్లుండును. తెలుగువారు ఆధరువుతోడి సంబంధమును మూడు క్రియలుగా విడదీసి చెప్పుదురు. అన్నములో పప్పును కలుపుకొందురు. ఇడ్లీని పచ్చడిలో అద్దుకొందురు. పప్పన్నము తినుచు నడుమ నడుమ వడియమునో ఊరగాయ ముక్కనో నంజుకొందురు. కలుపుకొన్నది అన్నముతో ఏకమైపోవును. నంజుకొన్నది వేఱుగా నిలిచి అలసిన నాలుకను మేల్కొల్పును. అద్దుకొన్నది ఈ రెంటికి నడిమిది. ముక్కకు ఒక పక్కనే అంటి, నోట పడిన తరువాతనే కలియును. కనుక సాసు పలుచనై దారిలో కారిపోరాదు, గట్టిపడి డబ్బీలోనే నిలిచిపోరాదు, ముక్క రుచిని మ్రింగివేయరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, మరల అద్దుకొనవలెనను కోరికను ఎనిమిదవ ముక్క వఱకు నిలుపవలెను.

మొదటి దినమున నేనును లోకము చేయునట్లే చేసితిని. ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క డబ్బీలో అద్ది తిని, తోచిన వరుసను కాగితముపై వ్రాసికొంటిని. స్వీట్ అండ్ సవర్‌కు ప్రథమస్థానము, బార్బెక్యూకు ద్వితీయము, తేనె కలిపిన ఆవసాసునకు తృతీయము లభించినవి; మజ్జిగ చవి గల రాంచ్ నాలుగవది, ఎఱ్ఱని బఫెలో సాసు ఐదవది, వట్టి తేనె కడపటిది. మా మనుమడు నా కాగితమును చూచి సంతోషించెను, వాని వరుసయు అదే గనుక. కాని ఒక్క ముక్కతో తేల్చిన ఈ తీర్పు నన్ను సమాధానపఱుపలేదు.

సమాధానపఱుపకపోవుటకు ఆ ఊరి చరిత్రలోనే ఒక నిదర్శనము కలదు. ఈ డాలస్ నగరముననే 1975లో పెప్సీవారు దారిన పోవువారిని నిలిపి, పేరు కానరాని రెండు గ్లాసులలోనివి చవి చూపించి, మేలైనదేదో చెప్పుమను పరీక్షను ప్రారంభించిరి. గుక్కెడులో తీపి హెచ్చైనదానికే మొగ్గు. పదేండ్లకు, 1985 ఏప్రిల్‌లో, కోకాకోలావారు సుమారు 2 లక్షలమందికి చవి చూపించి పరీక్షించిన పిమ్మట, మునుపటికంటె తీయని పానీయమును విడుదల చేసిరి. మూడు నెలలు నిండకమునుపే పాతదానిని మరల తేవలసివచ్చినది. పాతదానిపై జనులకు గల మమకారము అందుకు పెద్ద కారణమే. అయినను, గుక్కెడునకు నచ్చినది సీసా నిండుగ త్రాగుటకు నచ్చి తీరునన్న నమ్మకముతో తీర్పు చెప్పరాదని ఆ వృత్తాంతము నాకు నేర్పినది.

అందుచేత, తరువాతి ఆరు వారములు, వారమునకొక్క సాసు చొప్పున, పది ముక్కల డబ్బా నొకదానిని తెప్పించుకొని, ఒక్క సాసుతోనే తింటిని. వరుస తలక్రిందులైనది. స్వీట్ అండ్ సవర్‌లో ఆప్రికాట్, పీచ్ పండ్ల వాసన కలదు. మొదటి రెండు ముక్కలకు అది నిజముగా మనోహరము. నాలుగవ ముక్కకు పులుపు వెనుకబడి తీపి యొక్కటే ముందు నిలుచును. ఆఱవదానికి నాలుకపై పాకము పేరుకొన్నట్లుండును. ఎనిమిదవదానిని నేను దేనిలోను అద్దక ఉత్తదిగానే తింటిని. ఆ సాసు బరువులో ఇంచుమించు మూడవవంతు చక్కెరయే యగుట చేత ఇది ఆశ్చర్యపడవలసిన సంగతి కాదు. బార్బెక్యూలో హికరీ కట్టెల పొగవాసన యొకటి యుండి, తీపిని కొంత అదుపులో నుంచును; టమాటా, వెనిగర్‌ల పులుపు ఏడవ ముక్క దాక తోడువచ్చును. తేనెను గూర్చి చెప్పవలసినదేమియు లేదు.

మొదట ఐదవ స్థానమున కూలబడిన బఫెలో సాసు, పది ముక్కల దినమున అన్నిటిని దాటి ముందునకు వచ్చినది. న్యూయార్క్ రాష్ట్రపు బఫెలో నగరమున, ఆంకర్ బార్ అను చోట, 1964లో టెరెసా బెల్లిసిమో కోడిరెక్కలకు పట్టించిన వెన్న, మిరపసాసుల మిశ్రమము పేరు ఇది మోయుచున్నది. ఇందు చక్కెర పెత్తనము లేదు; మిరపకారము, వెనిగర్ పులుపు, ఉప్పు. నూనెలో వేగినదానికి కావలసినది పులుపే యని మిరపకాయ బజ్జీలో ఉల్లిపాయముక్కలు కూరి నిమ్మకాయ పిండు మన బండివారికి చెప్పనక్కఱలేదు. ప్రతి ముక్కయు నాలుకను కడిగినట్లు చేసి తరువాతి ముక్కకు స్థలము చేసినది. పదవ ముక్కను కూడ అద్దుకొనియే తింటిని.

రాంచ్ సాసు కథ వేఱు. అలాస్కాలో ప్లంబరు పని చేసిన స్టీవ్ హెన్సన్ అను నెబ్రాస్కావాడు, భార్యతో కాలిఫోర్నియాకు వచ్చి, 1954లో సాంతా బార్బరా దాపున హిడెన్ వ్యాలీ అను విడిదిని పెట్టి, అతిథులకు మజ్జిగ, వెల్లుల్లి, ఆకుకూరల పొడులతో చేసిపెట్టిన ద్రవము అది. చల్లనిది, ఉప్పనిది, మన పెరుగుపచ్చడికి దూరపు చుట్టము. నూనెలో వేగినదానికి మరల నూనెను పూసినట్లుండుట చేత ఒంటరిగా అది నా పరీక్షలో ఓడినది. కాని మిరపకారము నీటిలో కరుగక క్రొవ్వులో కరుగును. ఆవకాయ అన్నము తరువాత పెరుగన్నము ఏ ఉపకారము చేయునో, బఫెలో తరువాత రాంచ్ ఆ ఉపకారమే చేయును. ఈ రెంటిని జతగా తీసికొనువారు తెలివిగలవారు.

నాకు బాధ కలిగించినది ఆవసాసు. ఆవగింజలో ఘాటు ముందుగా సిద్ధమై యుండదు. గింజ నలిగి తడి తగిలినప్పుడు, అంతవఱకు వేర్వేఱు అఱలలో నుండిన రెండు ద్రవ్యములు ఒకదానినొకటి చేరి ఘాటును పుట్టించును. వేడి తగిలినచో ఆ పుట్టుక ఆగిపోవును. పులుపు తగిలినచో మందగించి, పుట్టినది ఎక్కువ కాలము నిలుచును. ఆవపెట్టిన కూరకు నూరిన ముద్దను పొయ్యి మీదినుండి దించిన పిమ్మటనే కలుపు మన ఆడవారు, ఈ రసాయనమును పుస్తకము లేకయే పాటించుచు వచ్చిరి. అమెరికాలో పసుపుపచ్చని సాసునకు వాడు తెల్లావాల ఘాటు నాలుక మీదనే తిరుగును. మన ఎఱ్ఱావాలది ముక్కున కెక్కి కన్నీరు తెప్పించును. 1983 నాటి నాలుగింటిలో నొకటియైన ఘాటైన ఆవసాసు ఎట్లుండెనో దానిని తిని పెరిగినవారు నేటికిని తలచుకొందురు. నేను తిన్నది తేనె కలిపినది. దానికి నా వరుసలో రెండవ స్థానమిచ్చితిని. అయిదవ ముక్క వద్ద తేనె వెనుకనుండి ఆవ ఒక్కమాఱు తల యెత్తును. ఆ తేనెను సగము తగ్గించియుండినచో మొదటి స్థానము దానిదే.

చూడని దానికి వరుసకట్టు వింతయు ఆ దేశమున నడచినది. 1998లో డిస్నీవారి ‘ములాన్’ చిత్రము విడుదలకు తోడుగా మెక్‌డొనాల్డ్స్ వారు సెచువాన్ పేరిట ఒక సాసును కొలది కాలము ఇచ్చి మానివేసిరి. 2017లో ‘రిక్ అండ్ మార్టీ’ అను కార్టూను ధారావాహికలో ఒక పాత్ర దానిని తలచుకొనగానే, అది వచ్చునాటికి పుట్టని యువకులు సైతము అదియే సర్వోత్తమమని నిశ్చయించుకొని, ఒక్క దినము కొద్దిపాటి పొట్లములు పంచుదురని తెలిసి బారులు తీరి నిలిచి, చాలమంది రిక్తహస్తములతో మరలిరి. 2018 ఫిబ్రవరిలో 2 కోట్ల పొట్లములు పంపిన పిమ్మట ఆ తహతహ చల్లారినది. కోరికకు స్థానమిచ్చిరి గాని రుచికి కాదు.

మన ఊళ్ళలోను ఇప్పుడు పునుగులకు టమాటా కెచప్పు, మందీకి మయొనైజు వచ్చి చేరినవి. హైదరాబాదులో మోమోలు తిని జనులు అస్వస్థులైన పిమ్మట, 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వము పచ్చిగ్రుడ్డు మయొనైజును ఏడాదిపాటు నిషేధించినది. నిప్పు తగులని ఆధరువు విషయమున ఎంత జాగ్రత్త కావలెనో అది తెలుపుచున్నది. క్రొత్తవి రాగూడదని నా వాదము కాదు. మిరపకాయయు, టమాటాయు సముద్రము దాటి మనకు వచ్చినవే. ఏ హోటలు పచ్చడి మేలైనదని మన పత్రికలలో వ్రాయువారు చెంచాతో చవిచూచుట మాని, ఒక పూట టిఫిను ఆ పచ్చడితోనే తిని, కడపటి ఇడ్లీముక్క వద్ద తీర్పు వ్రాయవలెనని మాత్రము కోరుచున్నాను.

నా వరుసను విని మనుమడు, “తాతయ్యా, నేను తినేవి నాలుగే కదా” అనెను. వాని మాటలో న్యాయమున్నది. నాలుగు ముక్కలవానికి స్వీట్ అండ్ సవర్ ప్రథమస్థానము తగినదే. ఆధరువు గుణము ఎంత తినుదుమన్న దానిపైనను ఆధారపడియున్నదని నేను ఒప్పుకొంటిని.

బయలుదేరుటకు రెండు దినములు ముందు ఇంటివద్ద ఆవకాయ ఊటను గిన్నెలో పోసి నగెట్‌ను అద్ది చూచితిని. ఓడినది. నూనెపై నూనె, ఉప్పుపై ఉప్పు. దాని అచ్చు వేడి అన్నమే. పిమ్మట మా అమ్మాయి, పిల్లవాని కొఱకు మిరపకాయలు తగ్గించి నూరిన అల్లప్పచ్చడిని కొంచెము నీటితో జారుగా చేసి ముందు పెట్టినది. చింతపండు పులుపు, బెల్లము తీపి, అల్లపు ఘాటు. మనుమడు అనుమానముతో కొన మాత్రమే ముంచెను. రెండవదానిని సగము దాక ముంచెను. నేను మాటలాడక లెక్కపెట్టుచు కూర్చుంటిని. ఎన్నడును నాలుగు దాటనివాడు ఐదవదానిని తీసికొనెను. ఆఱవదానితో డబ్బా ఖాళీయైనది. గిన్నె అడుగున మిగిలిన పచ్చడిని చూపి, ఇంకొక ముక్క ఉన్నదా యని వాడడిగెను.