మనవడి కంప్యూటరు: కుదరవలసినది భాగాలకు మాత్రమేనా?

ఇంటర్ పరీక్షలు ముగిసిన మరునాడే మా మనవడు ఒక కాగితం తెచ్చి నా ముందుంచాడు. ఆటలకు అనువైన కంప్యూటరును విడిభాగాలు కొని తానే కూర్చుకుంటాడట. "తాతయ్యా, నువ్వు సరేనంటేనే అమ్మ డబ్బులిస్తానంది" అన్నాడు. నాకు ఆ విద్య తెలియదు. అయినా వాడి పక్కన కూర్చుని రెండు సాయంత్రాలు తయారీదారుల పట్టికలు చదివాను.

ప్రాసెసర్ రైజెన్ 5 7600, మదర్‌బోర్డు బి550, ర్యామ్ డీడీఆర్5. దేనికది మంచిదే, తగ్గింపు ధర కనిపించిన చోటల్లా ఏరి రాసుకున్నాడు. చిక్కేమిటంటే, ఆ ప్రాసెసర్‌కు కావలసినది ఏఎం5 సాకెట్. బి550 బోర్డు మీద ఉండేది పాత ఏఎం4. పాత పద్ధతిలో పిన్నులు ప్రాసెసర్ అడుగున ఉంటాయి, కొత్తదానిలో సాకెట్‌లోనే ఉంటాయి. పైగా ఆ బోర్డు డీడీఆర్4 ర్యామ్‌నే స్వీకరిస్తుంది. డీడీఆర్5కు గాటు వేరొక చోట ఉంటుంది గనుక అందులో దిగనే దిగదు. దాత రక్తం ఎంత ఆరోగ్యవంతమైనదైనా గ్రూపు కలవనిదే ఎక్కించము కదా! బోర్డును బి650కి మార్చుకున్నాము.

తరువాత విద్యుత్తు సంగతి. చౌకగా వస్తున్నదని పేరూ ఊరూ లేని ఎస్ఎంపీఎస్ రాసుకున్నాడు. ఆర్టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డుకు 115 వాట్లు, ప్రాసెసర్‌కు 65 వాట్లు లెక్క. అయినా కార్డు తయారీదారు 550 వాట్ల సప్లై ఉండాలని సూచిస్తున్నాడు. '80 ప్లస్' అన్న ముద్ర విద్యుత్ పొదుపును తెలిపేదే గాని నాణ్యతకు పూర్తి హామీ కాదు. అంతకంటె ముఖ్యమైనది ఎర్తింగ్. ఎర్త్ సరిగా లేని ఇంట్లో లోహపు క్యాబినెట్‌ను ముట్టుకుంటే చేయి జివ్వుమంటుంది. అది చిన్న విషయం కాదు. భాగాలు కొనకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఆ గది ప్లగ్గును పరీక్ష చేయించాను.

ఇంతవరకు వాడు సంతోషంగానే ఒప్పుకున్నాడు. పేచీ వచ్చినది ఆ తరువాతే. వాడు కోరినది నిజానికి 4060 కాదు, 4070. వాడు ఎంచుకున్న మానిటరు 24 అంగుళాల 1080పీ తెర. దానికి 4060 చాలునన్నాను. మిగిలిన సొమ్ముతో నడుముకు ఊతమిచ్చి ఎత్తు మార్చుకోగల కుర్చీ కొనమన్నాను. రెండు రోజులు ముఖం మాడ్చుకున్నాడు. ఆ జాబితాలో ప్రతి భాగానికీ కొలత ఉంది, ఆడేవాడి శరీరానికి లేదు. మంచం మీద వంగి కూర్చుని గంటలు గడిపి మెడనొప్పితో వచ్చిన యువకులను నేను ఎందరినో చూశాను. తెర పై అంచు కంటి ఎత్తున గాని కొంచెం కిందగా గాని ఉండాలి. చేయి చాచినంత దూరం పాటించాలి. పాదాలు నేలకు ఆనాలి. 20 నిమిషాలకొకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 నుంచి అమలులోకి తెచ్చిన ఐసీడీ-11 వ్యాధుల పట్టికలో 'గేమింగ్ డిజార్డర్' ఉంది. ఆట మీద అదుపు తప్పడం, మిగిలిన పనులన్నీ వెనుకబడడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం, సాధారణంగా ఇవి 12 నెలల పాటు కొనసాగడం దాని లక్షణాలు. ఆడే ప్రతి పిల్లవాడూ రోగి కాడు. ఆ మాట చెప్పి భయపెట్టడం తగదు.

పెద్దలు చేసే పొరపాట్లు రెండు. ఒకరు "వద్దు" అని తలుపు మూస్తారు. మరొకరు డబ్బు చేతికిచ్చి తప్పుకుంటారు. ఈ రెంటిలోనూ పిల్లవాడు ఒంటరివాడవుతాడు. వాడి జాబితా మీద మనము రెండు సాయంత్రాలు వెచ్చిస్తే, రేపు "ఇక చాలు, పడుకో" అనే మాటకు కొంత విలువ వస్తుంది. కంప్యూటరును హాల్లోనే పెట్టాలని, రాత్రి పదింటికి ఆపాలని మా ఇంట ఒప్పందం కుదిరింది. అది ఎన్నాళ్లు నిలుస్తుందో చూడాలి. కుర్చీ మాత్రం వచ్చింది. వాడు లేనప్పుడు నేనూ అందులోనే కూర్చుంటున్నాను.