బిడ్డకు మాట ఏ భాషలో రావాలి?

రెండున్నరేళ్లు నిండినా బిడ్డకు మాటలు రాలేదని తల్లి దిగులు పడితే మన ఇళ్లలో పెద్దలు చెప్పే సమాధానం దాదాపు ఒక్కటే: "మగపిల్లలకు ఆలస్యంగానే వస్తాయి బేటీ, వాడి అబ్బాకూ అంతే." ఆడపిల్ల అయితే నెమ్మదస్తురాలని మెచ్చుకుంటారు కూడా. దిష్టి తీయించి, తావీజు కట్టించి మరో ఏడాది గడిపేస్తారు. దువాను మేము తక్కువ చేయడం లేదు. దువాతోపాటు వైద్యుని వద్దకూ వెళ్లాలంటున్నాం. మెదడు వేగంగా ఎదిగే తొలి సంవత్సరాలలో అందే సాయానికి, ఐదేళ్లు దాటాక అందే సాయానికి చాలా వ్యత్యాసం ఉంటుంది.

లోపాన్ని గుర్తించడానికి పెద్ద చదువు అక్కరలేదు. ఏడాది నిండేసరికి పేరు పెట్టి పిలిస్తే బిడ్డ తిరిగి చూడాలి. ఏడాదిన్నరకు కావలసినదాన్ని వేలితో చూపాలి, కొన్ని మాటలైనా పలకాలి. రెండేళ్లకు రెండేసి మాటలు కలపాలి. ఇవి కనబడకపోతే మొట్టమొదట చేయించవలసింది వినికిడి పరీక్ష. చెవి వినబడని బిడ్డను మొండివాడని దండించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఒకసారి వచ్చిన మాటలు పోతే మాత్రం ఎవరి సలహా కోసమూ ఆగరాదు.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుక నుండి 18 ఏళ్ల వరకు పిల్లలకు ఉచిత పరీక్షలను, జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలలో ఉచిత థెరపీని ఉద్దేశించింది. అయితే దాని బృందాలు వెళ్లేది అంగన్‌వాడీలకు, ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలకు. మన గల్లీలలోని చిన్న ప్రైవేటు బడులు, ఎయిడ్ లేని మదర్సాలు ఆ దారిలో లేవు. అంగన్‌వాడీలో పేరు లేని పసివాడు ఎవరి కంటా పడడు.

ఎలాగో కేంద్రానికి చేరిన కుటుంబానికి అక్కడ ఎదురయ్యేది భాషా సమస్య. "ఇంట్లో ఉర్దూ మానేయండి, ఒక్క తెలుగే మాట్లాడండి, లేకుంటే బిడ్డ తికమక పడతాడు" అన్న సలహా తరచుగా వింటున్నాం. ఈ సలహా తప్పు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావని, ఆటిజం ఉన్న పిల్లలకు సైతం దానివల్ల హాని లేదని పరిశోధనలు చెబుతున్నాయి. తల్లి లాలించేదీ కసిరేదీ ఏ భాషలోనో ఆ భాషను మానుకోమంటే ఆ ఇంట్లో మిగిలేది మౌనం. బొమ్మ చూపి అడిగినప్పుడు "నీళ్లు" అనక "పానీ" అన్న బిడ్డకు మార్కు తగ్గించడం ఎక్కడి న్యాయం? రెండు భాషలలోని మాటలనూ కలిపి లెక్కించాలి. ఉర్దూ అందరిపైనా రుద్దాలని మా ఉద్దేశం కాదు. దూదేకుల కుటుంబాల ఇంటి భాష తెలుగే, వారి పిల్లలకు తెలుగులోనే థెరపీ సాగాలి.

థెరపిస్టు వద్ద బిడ్డ గడిపేది వారానికి గంటో రెండు గంటలో. మిగిలిన కాలమంతా ఇంటిదే. అందుచేత తల్లిని బయట కూర్చోబెట్టి తలుపు మూసే థెరపీ సగం థెరపీయే. ఆమెను లోపలికి పిలిచి నేర్పాలి. బిడ్డ బిందె వైపు చూపితే మౌనంగా గ్లాసు అందించకుండా "పానీ" అని, కొన్ని క్షణాలు ఆగి, అతడు పలికినా పలకకున్నా నీళ్లివ్వాలి. దస్తర్‌ఖాన్ పరిచేటప్పుడు పళ్లేలు అతడి చేతికివ్వాలి. రొట్టెల పిండి ముద్ద చేయనివ్వాలి, బఠాణీలు ఒలవనివ్వాలి. వేళ్లకు ఇంతకు మించిన వ్యాయామం లేదు. అన్నం తినిపించడానికి ఫోను చేతిలో పెట్టడం మాత్రం మానాలి. ఇదంతా తల్లి ఒక్కతే మోయరాదు. జరీ పనో బీడీల పనో వదులుకొని రెండు బస్సులు మారి కేంద్రానికి వెళ్లే తల్లికి ఆ రోజు కూలి పోతుంది. తండ్రులు ఈ బాధ్యతను పంచుకోవడం మన సమాజంలో ఇంకా అరుదే.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో ఉర్దూను రెండవ అధికార భాషగా గుర్తించాయి. ఆ గుర్తింపు బోర్డుల మీది అక్షరాలకే పరిమితం కారాదు. ఉర్దూ మాట్లాడే జనాభా ఎక్కువగా ఉన్న ప్రతి జిల్లా కేంద్రంలోనూ ఆ భాష తెలిసిన స్పీచ్ థెరపిస్టు ఒకరైనా ఉండాలి. పరీక్షా పత్రాలు ఉర్దూలోనూ లభించాలి. ఆరోగ్య బృందాలు మదర్సాలకూ ప్రైవేటు బడులకూ వెళ్లాలి. వాక్, వినికిడి సమస్యలపై పనిచేసే జాతీయ సంస్థకు పెట్టిన పేరు ఒక హైదరాబాదీది: ఉస్మానియా ఉపకులపతిగా పనిచేసిన అలీ యావర్ జంగ్. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లోనే ఉంది. స్పీచ్ థెరపీ డిగ్రీ చదవదలచిన మన ఆడపిల్లలకు మైనారిటీ సంక్షేమ శాఖ ఫీజు భరిస్తే, నాలుగైదేళ్లలో ఈ కేంద్రాలకు ఉర్దూ తెలిసిన థెరపిస్టులు అందివస్తారు.